పెద్ద రాణమ్మ కిటికీలో రణపాల ఆకు

రండి రండి, చాప మీదకి రండి. లాస్యా, నువ్వు ఈ పక్కన. పండూ, నువ్వు గోడ పక్కన. దుప్పటి అటూ ఇటూ లాక్కోమాకండి, అందరికీ సరిపోద్ది. నేను చెప్తా ఉంటా, మీరు ఊఁ కొడతా ఉండాలి. మీ ఊఁ ఆగిందంటే నా కథ కూడా ఆగిపోద్ది. తెలిసిందా?

అనగా అనగా, మనం వినగా వినగా, రాళ్ళ సీమలో శిలగిరి అని ఒక ఊరు. ఎటు చూడు, రాయే. ఇల్లు రాయి, వాకిలి రాయి, గోడ రాయి, గొడ్లపాక రాయి. నడిస్తే కాలికి రాయి, నమిలితే పంటికి రాయి. అట్టాంటి ఊరికి ఒక రాజు. పేరు ధీరసింగరాజు. మంచోడే పాపం. కత్తి తిప్పగలడు, గుర్రం ఎక్కగలడు, న్యాయం చెప్పగలడు. కాకపోతే వాళ్ళమ్మ కంట్లో నీటిచుక్క కనపడితే మాత్రం మనిషి కాడు, ఇక బుర్ర పనిచెయ్యదు.

వాళ్ళమ్మని ఊరంతా పెద్ద రాణమ్మ అనేవాళ్ళు. ఆవిడది ఆ ఊరు కాదు. ఎక్కడో ఏటి ఒడ్డు దేశం. పుట్టింట్లో తలుపు తీస్తే పచ్చటి చేను, కిటికీ తీస్తే అరటితోట. అట్టాంటి పిల్ల పెళ్ళయ్యి పల్లకీలో శిలగిరికి వచ్చి, తెర తీసి చూసిందంట. చూస్తే ఏముందీ, రాయి. ఆ పక్క చూసింది, రాయి. ఈ పక్క చూసింది, రాయి. పల్లకీ దిగనని కూర్చుని ఏడ్చిందంట. అప్పుడు ఆవిడ మొగుడు, అంటే ఈ ధీరసింగరాజు నాయన, ఏం చేశాడనుకున్నారు? బండ్లకి బండ్లు మన్ను తోలించి, ఆవిడ గది కిటికీ కింద తోట వేయించాడు. బంతీ చేమంతీ, మల్లే మొల్లా, కనకాంబరం, నిత్యమల్లి, అన్నీ. అప్పట్నుంచీ పొద్దున్నే లేవడం, కిటికీ తెరవడం, తోట చూసి దణ్ణం పెట్టుకోవడం, ఆ తర్వాతే ముద్ద నోట్లో పెట్టడం. అదీ ఆవిడ నియమం. పెద్ద రాజు పోయాక కూడా ఆ నియమం పోలేదు. తోట చూస్తే ఆయన్ని చూసినట్టే ఉండేదంట ఆవిడకి.

ఊఁ కొడుతున్నారా? ఆఁ, అదీ.

ఆ తోట చూసుకునే మాలి కోటయ్య. ఆయన పెళ్ళాం సూరమ్మ. సూరమ్మ నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది, కానీ నోరే ముందు వినపడేది. ఒక ఏడు వాళ్ళ కొడుక్కి పెళ్ళి చేసి కోడల్ని తెచ్చుకున్నారు. కోడలి పేరు నాంచారి. ఎర్రగట్టు అని ఒక బోడికొండ ఉంది, ఆ కొండ మీద పల్లె ఆ పిల్ల పుట్టిల్లు. అక్కడ వాన పడిందంటే పండగ. నాంచారి కాపురానికొస్తా సారెతో పాటు ఒక పగిలిన మూకుడు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఆ మూకుట్లో ఒక మొక్క. మందపాటి ఆకులు, ఆకుల అంచులు రంపంలాగా నొక్కులు నొక్కులు. అదేంటో తెలుసా? రణపాల. మన పక్కింటి శేషమ్మ గారి పిట్టగోడ మీద ఉంటదే, అదే.

సూరమ్మ చూసి బుగ్గలు నొక్కుకుందంట. “ఓసి నీ ఇల్లు బంగారం కానూ! రాజుగారి మాలి ఇంటికి కోడలుగా వస్తా, పువ్వు లేదు, వాసన లేదు, ఈ మొద్దు మొక్క తెచ్చావేందే?” అంది.

నాంచారి నవ్వి, “మా ఊళ్ళో ఎండాకాలం పచ్చగా ఉండేది ఇదొక్కటే అత్తా. చూడకపోతే నాకు బెంగ,” అంది. మూకుడు తీసుకెళ్ళి గోడ మీద పెట్టింది. అంతే. దానికి ఎరువు లేదు, నీడ లేదు. ఎప్పుడన్నా గుర్తొస్తే చెంబు అడుగున మిగిలిన నీళ్ళు ఒలకబోసేది. అదేమో దాని మానాన అది, మహారాణిలాగా కూర్చుని ఉండేది.

అట్టా ఉండగా కరువొచ్చింది. ఒక వానాకాలం మబ్బు వచ్చి పోయింది. తర్వాతి వానాకాలం మబ్బు కూడా రాలేదు. ఊళ్ళో బావులన్నీ అడుగంటినయ్యి. కోటలో ఒక్క బావిలో మాత్రం నీళ్ళున్నయ్యి. తోట ఏమయ్యిందనుకున్నారు? ముందు బంతి పోయింది. బంతి పోయిందని చేమంతి పోయింది. చేమంతి పోయిందని మొల్ల పోయింది. మొల్ల పోయిందని మల్లె వాడింది. మల్లె వాడిందని పెద్ద రాణమ్మ ముద్ద తగ్గింది. అమ్మ ముద్ద తగ్గిందని రాజు ముఖం మాడింది. రాజు ముఖం మాడిందని కోటయ్యకి వణుకు పుట్టింది.

రాజు హుకుం వేశాడు. కోట బావిలో నీళ్ళు, పక్క ఊళ్ళ నుంచి బండ్ల మీద వచ్చే నీళ్ళు, ముందు తోటకి పొయ్యాలి, మిగిలితేనే ఊరికి. తోట తాగితే ఇంకేం మిగులుద్ది? ఊరి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని కోట గుమ్మం ముందు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నిలబడేవాళ్ళు. కోటయ్య మొక్కలకి నీళ్ళు పోస్తా తల ఎత్తేవాడు కాదంట. ఈ సంగతి పెద్ద రాణమ్మకి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెబితే రాజుకి కోపం.

చెప్పకపోతే తెలియకుండా ఉంటదా? ఒకరోజు పెద్ద రాణమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంటే, తోట పక్కన నీళ్ళబండి వచ్చి ఆగింది. బండి మీద పీపా ఎక్కడో చిల్లుపడి చుక్కచుక్కా కారతంది. చంకలో చంటిబిడ్డని వేసుకున్న ఒకామె పరిగెత్తుకుంటా వచ్చి, ఆ చిల్లు కింద దోసిలి పట్టింది. నాలుగు చుక్కలు పడ్డాయో లేదో, ఆ తడి చెయ్యి బిడ్డ పెదాలకి రాసింది. తను మాత్రం చెయ్యి కూడా నాక్కోలేదు. ఇంతలో బంటు వచ్చి అదిలించాడు.

పెద్ద రాణమ్మ ఆ బంటుని పైకి పిలిపించింది. అసలు సంగతేంటో చెప్పమంది. వాడు నీళ్ళు నమిలాడు. ఆవిడ కళ్ళెర్రజేసింది. వాడు అంతా కక్కేశాడు. కొడుకుని పిలిచి ఆవిడ అడిగిందంట. “ఒరే నాయనా, నా చెట్లు తాగింది చంటిపిల్లల నీళ్ళటరా?” రాజు తల వంచుకున్నాడు. “మీ నాయన నాకోసం తోట వేశాడు గానీ, జనం నోరెండబెట్టి వెయ్యలేదు. ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క తోటకి పోసినా నా మీద ఒట్టే,” అంది. అని, కిటికీ తలుపులు దగ్గరకి వేసేసింది.

ఆ సాయంత్రమే ఊరికి నీళ్ళొచ్చినయ్యి. బిందెలు నిండినయ్యి, కుండలు నిండినయ్యి, పిల్లల పొట్టలు నిండినయ్యి. జనం పెద్ద రాణమ్మ పేరు చెప్పి దణ్ణాలు పెట్టారు. కానీ తోట ఎండిపోయింది. మల్లెపాదు కూడా పుల్లయ్యింది. కిటికీ మూసుకున్న మనిషి మంచం దిగలేదు. అన్నం తినమంటే, “తింటాలే, తర్వాత తింటాలే,” అనేదంట. నియమం తప్పి తినలేదు, జనం నీళ్ళతో తోట పెంచమనలేదు. చూశారా, అదీ పెద్దరికం! రోజురోజుకీ మనిషి చిక్కి శల్యమైపోతంది. రాజు ఆ గదిలోకి పోయి రావడం, స్తంభానికి తల ఆనించుకోవడం. నీళ్ళు పొయ్యకుండా తోట పచ్చగా చేసినవాళ్ళకి ఏది అడిగితే అది ఇస్తానని దండోరా వేయించాడు.

ముందుగా వచ్చింది ఎవరనుకున్నారు? రాజుగారి బామ్మర్ది. ఆయన అసలు పేరేదో పెద్దది, నాకు నోరు తిరగదు. ఊళ్ళో అందరూ గుమ్మడిరాజు అనేవాళ్ళు, ఆ పొట్ట చూసి. ఆయన వచ్చి, బావా, ఇదెంత పని అన్నాడు. రంగులోళ్ళని పిలిపించి, ఎండిపోయిన మల్లెపాదుకీ, కనకాంబరం పుల్లలకీ, చివరికి రాళ్ళకీ కూడా పచ్చరంగు పూయించాడు. తాటాకులు కత్తిరించి, ఆకుల్లాగా చేసి, దారాలతో కట్టించాడు. తీసుకెళ్ళి పెద్ద రాణమ్మ కిటికీ తెరిచాడు. ఆవిడ లేచి కూర్చుని చూసింది. చూస్తే పచ్చగానే ఉంది. ఇంతలో గాలి వేసింది. తోటంతా టపటపా టపటపా! ఒక కాకి వచ్చి కొమ్మ మీద వాలి, ఎగిరిపోతంటే దాని కాళ్ళు చిలకపచ్చ రంగయ్యి ఉన్నయ్యి! పెద్ద రాణమ్మకి నవ్వాగలేదంట. నవ్వింది, నవ్వింది, నవ్వి నవ్వి దగ్గొచ్చి పడుకుంది. అదిగో, నువ్వూ నవ్వుతున్నావు పండూ. నవ్వు. గుమ్మడిరాజు మాత్రం, నవ్విందిగా, సగం నయమైనట్టే అని మీసం దువ్వుకుంటా పోయాడు.

ఇదంతా కోటయ్య ఇంటికొచ్చి చెప్పి, తల పట్టుకుని కూర్చున్నాడు. నాంచారి గోడ మీద మూకుడు వంక చూసింది. కరువొచ్చి ఊరంతా ఎండినా ఆ మొక్క ఎండలేదు. ఎండ దెబ్బకి ఆకుల అంచులు కాస్త ఎర్రబడినయ్యి, అంతే. మూకుడు దాటి పిల్ల మొక్కలు గోడ పగుళ్ళలోకి కూడా దిగినయ్యి.

“మామా, తోటలో ఇది పెడితే?” అంది.

కోటయ్య ఏమీ అనకముందే సూరమ్మ లేచింది. రాణమ్మ తోటలో గోడ మీద మొక్కా అంది, నవ్విపోతారంది, అది బతక్కపోతే రాజు మన ఇంటిల్లిపాదినీ ఊరు దాటిస్తాడంది. అంతా విని కోటయ్య మాత్రం, “నలభై రకాల పూలు పెంచాను, ఒక్కటీ నిలబడలేదు. నిలబడిన దాన్ని కాదనడానికి నేనెవర్ని?” అన్నాడు.

నాంచారి పోయి రాజుకి చెప్పింది. రాజు సరేనన్నాడు. నాంచారి తన మొక్కల్ని తుంచి తుంచి, కొమ్మకొమ్మగా చేసి, కిటికీ కింద రాళ్ళ సందుల్లో, కాస్త ఇసకా, కాస్త మన్నూ, కాస్త పెంకుముక్కలూ కలిపి నాటింది. నాటి, దీని జోలికి ఎవరూ రాకండి, ఇది తన పని తనే చేసుకుంటదని చెప్పింది.

మరి సూరమ్మకి నిద్రెట్టా పట్టుద్ది? పగలంతా అదే ధ్యాస. మొక్క బతక్కపోతే కోడలికేమవుద్దో, మొగుడికేమవుద్దో. నోరు తిట్టినా మనసు ఊరుకోదుగా. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళకి, వాళ్ళ ఇంటికి వచ్చే నీళ్ళల్లో తన వంతు చెంబు కొంగు చాటున పెట్టుకుని వెళ్ళి, ఆ మొక్కలకి పోసి వచ్చేది. తను నాలిక తడుపుకుని ఊరుకునేది. ఎవరికీ చెప్పలేదు. రోజూ పోసింది, రోజూ పోసింది.

ఏమయ్యిందో చెప్పండి చూద్దాం? పెరిగిందా? ఊహూఁ. ఆకులు నీళ్ళసంచుల్లాగా ఉబ్బినయ్యి. ఉబ్బి, మెత్తబడి, పట్టుకుంటే జారిపోయినయ్యి. కాడలు మొదట్లో నల్లబడినయ్యి. ఒకరోజు పొద్దున నాంచారి వెళ్ళి చూస్తే వరసకి వరస వాలిపోయి ఉంది. ఆ పిల్ల అక్కడే కూలబడింది. బోడికొండ మీద కరువులో కూడా చావని మొక్క, రాజుగారి తోటలో చచ్చిపోయిందే అని.

వెనకాల వచ్చిన సూరమ్మ అది చూసి నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఇక ఆగలేకపోయింది.

“నేనేనే నాంచారీ. నేనే చేశాను. దాహమేస్తదేమోనని నా వంతు నీళ్ళు తెచ్చి పోశానే,” అని బావురుమంది.

నాంచారి అత్త ముఖం చూసింది. పెదాలు పగిలి ఉన్నయ్యి. అప్పుడు గానీ ఆ పిల్లకి అర్థం కాలేదు.

“నువ్వు తాగకుండా దానికి పోశావా అత్తా?”

“మరి అది బతికితేనే గదా నువ్వు బతికేది!”

నాంచారి అత్తని గట్టిగా పట్టుకుంది. కోప్పడలేదు. ఎట్టా కోప్పడుద్ది? నువ్వూ పోయినేడు చేపపిల్లకి ఆకలేస్తదని గిన్నెడు మరమరాలు తొట్టిలో పోశావుగా లాస్యా. ఆఁ, అట్టాంటిదే ఇదీను.

“అత్తా, ఇది తనకి కావలసిన నీళ్ళు తన ఆకుల్లోనే దాచుకుంటది. కడుపు నిండినవాళ్ళకి మళ్ళీ పెడితే అజీర్తి చెయ్యదూ? ఏడవమాక. దీని చావు అంత తేలిక కాదు. రా, ఇద్దరం కలిసి చూద్దాం,” అంది.

అత్తాకోడళ్ళిద్దరూ కూర్చుని కుళ్ళినయ్యి కుళ్ళినట్టు తీసేశారు. నల్లబడని కొమ్మచివర్లు కోశారు. కోసినయ్యి వెంటనే నాటలేదు. గాయం తగిలిన చోట చెక్కు కట్టనివ్వాలిగా, అట్టాగే వాటిని నీడలో పరిచి, కోసిన చోట ఎండనిచ్చారు. ఇవన్నీ చేశాక చూసుకుంటే దక్కినయ్యి కాసిని కొమ్మలూ, కొన్ని ఆకులూ. వాటిల్లో ఒక ఆకు, అరచెయ్యంత ఉంది, నున్నగా, ఎక్కడా మచ్చ లేకుండా.

ఇంతలో కోట నుంచి కబురొచ్చింది. పెద్ద రాణమ్మకి బాగాలేదు, మంచినీళ్ళు కూడా దిగడం లేదు, రాజు మొక్కల సంగతి అడుగుతున్నాడు అని. మొక్కలు చచ్చిపోయినయ్యని కోటయ్య ఎట్టా చెప్తాడు?

నాంచారి ఆ ఆకు తీసుకుని తనే వెళ్ళింది. సూరమ్మ కూడా వెనకాలే నడిచింది. తప్పు నాది, మాట పడితే నేనే పడతా అని. రాజు ఎదురొచ్చి తోటేదని గద్దించాడు. నాంచారి ఆకు చూపించి, ఇదేనండి తోట అంది. ఒక్క ఆకునా తోట అంటున్నావని రాజు కత్తి మీద చెయ్యి వేశాడు. మంచం మీద నుంచి సన్నగా గొంతు వినపడింది. “రానియ్యరా. ఆడపిల్ల ఒక్క ఆకు పట్టుకుని ఇంత ధైర్యంగా నిలబడిందంటే, ఆ ఆకులో ఏదో ఉంటది.”

నాంచారి ఒక దారం తీసి ఆ ఆకు తొడిమకి కట్టి, కిటికీ ఊచకి వేలాడదీసింది. మన్ను లేదు, నీళ్ళు లేవు, కుండీ లేదు. ఉత్త దారం. పెద్ద రాణమ్మ పడుకుని చూస్తే కనపడేటట్టు కట్టింది.

“అమ్మా, పొద్దున లేవగానే మీరు పచ్చటిది చూడాలి గదా. ఇది చూస్తా ఉండండి. నేను రోజూ వస్తాను,” అంది.

మొదటిరోజు ఆకు ఆకుగానే ఉంది. పచ్చటిది చూశాను గదా అని పెద్ద రాణమ్మ ఒక గుక్క మజ్జిగ తాగింది. మర్నాడూ అట్టాగే ఉంది. వారం తిరిగాక ఒకరోజు ఆవిడ చూపు ఆనక, ఆకు దగ్గరికి తెమ్మంది. చేత్తో తడిమింది. తడిమి, నొక్కులో ఏదో గుచ్చుకుంటందే అంది. నాంచారి చూసి నవ్వింది. ఏం గుచ్చుకుందో తెలుసా? పిల్ల! ఆవగింజంత పిల్ల! ఆకు అంచు నొక్కులో నుంచి రెండు బుల్లి ఆకులు తొంగిచూస్తన్నయ్యి.

పెద్ద రాణమ్మ లేచి కూర్చుంది. ఎవరూ పట్టుకోకుండానే! “ఓసోస్, ఇది పురుడు పోసుకుంటందే! మన్ను లేదు, నీళ్ళు లేవు, గాలిలో వేలాడతా పిల్లల్ని కంటందా?” అని ముక్కు మీద వేలేసుకుంది. ఆ రోజు అన్నం ముద్ద తినింది.

ఇక చూడండి. ఒక నొక్కులో పిల్ల వస్తే ఆవిడ ఒక ముద్ద తినేది. ఇంకో నొక్కులో పిల్ల వస్తే ఇంకో ముద్ద. ఆకుకి పిల్లొచ్చె, రాణమ్మకి ముద్దొచ్చె. పిల్లకి వేరొచ్చె, రాణమ్మకి ఓపికొచ్చె. వేరుకి తోడొచ్చె, రాణమ్మకి నడకొచ్చె! ఆకు చుట్టూ, అంచంతా, ముత్యాలహారం లాగా పిల్లలు. తెల్లటి దారాల్లాంటి వేళ్ళు కిందకి దిగి గాలిలో ఊగేవి. ఒకసారి పాపం, వీటికి దాహమేస్తదేమోనని పెద్ద రాణమ్మ చెంబు ఎత్తిందంట. సూరమ్మ ఒక్క గెంతు గెంతి చెయ్యి పట్టుకుంది! మహారాణి చెయ్యి! పట్టుకుని, వద్దమ్మా వద్దు, ఆ పని నేను చేసి చూశాను, వీటికి కావలసిన నీళ్ళు ఆ తల్లి ఆకు తన కడుపులోనే దాచి ఉంచింది అంది. చుట్టూ ఉన్నవాళ్ళు బిక్కచచ్చిపోయారు. పెద్ద రాణమ్మేమో చెంబు కింద పెట్టి, సూరమ్మ పగిలిన పెదాలు చూసి, ఆ చెంబులో నీళ్ళు సూరమ్మ చేత తాగించింది.

ఊఁ కొట్టండమ్మా. నిద్రొస్తందా? ఇంకాస్తే ఉంది.

తల్లి ఆకు వాడిపోయే వేళకి పిల్లలు చిటికెన వేలంత అయినయ్యి. పెద్ద రాణమ్మ తనే కర్ర పట్టుకుని తోటలోకి దిగింది. ఎంత కాలానికి దిగిందో! కింద కూర్చుని, ఒక్కో పిల్లనీ తన చేత్తో తీసి, రాళ్ళ సందుల్లో పెట్టింది. కోటయ్య గులకరాళ్ళు అందించాడు, నాంచారి గుంట తీసింది, సూరమ్మేమో నీళ్ళచెంబు పట్టుకుని ఎవరన్నా పోస్తారేమోనని కాపలా కాసింది. నీడలో ఆరబెట్టిన కొమ్మలు కూడా నాటారు. ఎప్పుడన్నా మన్ను లోపలికంటా ఎండినప్పుడు మాత్రం, ఒక్క దోసెడు, అదీ పెద్ద రాణమ్మ చేతులు కడుక్కున్న నీళ్ళే. అంతే.

కొమ్మ విరిగితే కొమ్మ మొక్కయ్యింది. ఆకు రాలితే ఆకు మొక్కయ్యింది. మేకపిల్ల వచ్చి తొక్కితే, తొక్కినచోట నాలుగు లేచినయ్యి. ఏం మొక్కే తల్లీ అని కోటయ్య రోజుకోసారి దణ్ణం పెట్టేవాడంట. నలభై రకాల పూలు పెంచిన మనిషి, ఈ గోడ మీద మొక్క ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడంట. చూస్తా చూస్తా ఉండగానే కిటికీ కింద రాయి కనపడకుండా పోయింది. అంతా పచ్చన. చలికాలం వచ్చేసరికి పొడుగాటి కాడలు లేచి, వాటికి గంటల్లాగా పూలు వేలాడినయ్యి. ఎరుపూ పసుపూ కలిసిన పూలు. మొగ్గ మీద నొక్కితే టప్పుమని పేలుద్ది. ఊళ్ళో పిల్లలంతా తోటలో చేరి టప్ టప్ టప్! ఇదివరకైతే బంట్లు తరిమేవాళ్ళు. పెద్ద రాణమ్మ మాత్రం, పేల్చనియ్యండ్రా, నేనూ పేల్చానని చెప్పిందంట.

రాజు నాంచారిని పిలిచి, ఏం కావాలో కోరుకోమన్నాడు. నాంచారి ఆలోచించి, “తోటకి నీళ్ళు తోలే బండ్లు ఊరికే నిలబడి ఉన్నయ్యి గదండీ. అవి రోజూ వీధివీధికీ తిరిగితే, ముసలోళ్ళూ బాలింతలూ బిందె మోసుకుని ఇంతదూరం రానక్కర్లేదు,” అంది. రాజు అప్పుడే పంపించాడు. అది కాదు, నీకోసం ఏదన్నా అడుగన్నాడు. నాంచారి నవ్వాపుకుంటా, “అయితే ఆ మల్లెపాదుకి పట్టిన పచ్చరంగు ఎవరన్నా గీకించండి. వేరులో ఇంకా ప్రాణం ఉంది, వానొస్తే చిగురేస్తది,” అంది. ఇక చూసుకోండి, గుమ్మడిరాజు పంచె ఎగ్గట్టి, పొట్ట అడ్డమొస్తా ఉంటే, కూర్చుని పుల్ల పుల్లా గీకాడు.

పెద్ద రాణమ్మ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక్కో ఆకు పంపింది. గోడ మీద పెట్టుకున్నోళ్ళు గోడ మీద, చూరు కింద పెట్టుకున్నోళ్ళు చూరు కింద. రాళ్ళ ఊరు అనే పేరు పోయింది.

ఆ మరుసటేడు ఏమయ్యిందో అది కూడా విని పడుకోండి. పూలన్నీ అయిపోయాక, రాజు ఒకరోజు వేట నుంచి వచ్చి తోటలోకి చూస్తే, కాడలన్నీ మొదలంటా నరికి ఉన్నయ్యి. మోళ్ళు! బోసిగా ఉంది తోట. ఇంకేముంది, వాళ్ళమ్మ మళ్ళీ మంచమెక్కుతదని ఆయన గుండె జారిపోయింది. ఎవడు నరికాడురా అని కత్తి దూసి చిందులేస్తా తోటలోకి వచ్చాడు. వస్తే, రాళ్ళ మధ్యలో ముంగాళ్ళ మీద కూర్చుని, చీర పైకి చెక్కుకుని, చేతిలో కొడవలి పట్టుకుని ఉంది పెద్ద రాణమ్మ!

“నేనేరా. పూసిన కాడ పని అయిపోయింది, కోస్తే మొదట్లోంచి కొత్త చిగురొస్తది. కత్తి ఆ ఒరలో పెట్టి, ఇట్టా వచ్చి ఈ కాడలు ఎత్తు.”

“మరి రేపు పొద్దున నువ్వేం చూస్తావమ్మా?” అన్నాడంట రాజు, చిన్నపిల్లోడిలాగా.

ఆవిడ చేతులు దులుపుకుని లేచి, “మోడు చూస్తా. చూసి అన్నం తింటా. వస్తదని తెలిశాక మోడైనా పచ్చగానే కనపడుద్దిరా,” అంది.

వచ్చింది కూడా. ఆ ఏడొచ్చింది, పై ఏడొచ్చింది, ఆవిడ బతికిన అన్నేళ్ళూ వచ్చింది. వానలూ వచ్చినయ్యి, మల్లె కూడా చిగురేసింది. సూరమ్మ, నాంచారి ఒకే కంచంలో తిన్నారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటానే సుఖంగా ఉన్నారు. రాజూ సుఖం, ప్రజా సుఖం, గుమ్మడిరాజు పొట్ట కూడా సుఖం.

కాబట్టి పిల్లలూ, ఎవరి మీదైనా ప్రేముంటే, వాళ్ళకి ఎంత కావాలో కనుక్కుని అంతే పొయ్యాలి. నీళ్ళైనా అంతే, నెయ్యైనా అంతే, గారాబమైనా అంతే. పొయ్యడం అందరికీ వచ్చు. ఆపడమే నేర్చుకోవాలి.

లాస్యా? పండూ? ఊఁ లేదే! పడుకున్నట్టున్నారు. సరే మరి, కథేమో కంచి బండెక్కింది, మనమేమో దుప్పట్లో దూరాం. హాయిగా నిద్రపోండి నా బంగారాలూ.